నల్ల బాల్, ఐదు చెంచాల నూనె

పోయిన వారం మంగళవారం బౌలింగ్ లీగ్‌లో నా మూడు గేములు 214, 176, 139. చెయ్యి అదే, బాల్ అదే, ఆ రెండు లేన్లూ అవే. మొదటి గేములో పాకెట్‌లో, అంటే అన్నిటికంటే ముందుండే హెడ్‌పిన్‌కీ దాని కుడిపక్క పిన్నుకీ మధ్య సందులో, దిగి పదికి పది పిన్నులు ఎగరగొట్టిన బాల్, రెండో గేము సగానికి వచ్చేసరికి నేరుగా హెడ్‌పిన్ ముక్కు మీద పడి స్ప్లిట్లు (దూరదూరంగా మిగిలే పిన్నులు) వదలడం మొదలుపెట్టింది. మూడో గేములో ఇంకో వరస. బాల్ పాకెట్‌లోకే వెళ్తోంది, కానీ దెబ్బలో పస లేదు. కుడి మూలన 10 నంబరు పిన్ను కదలకుండా నిలబడే ఉంటోంది.

మా అమ్మాయి వెనక కుర్చీలో హోంవర్క్ చేసుకుంటూ చూస్తోంది. తను హైస్కూల్ బౌలింగ్ టీమ్‌లో ఆడుతుంది. మిషిగన్‌లో బడిపిల్లలకి బౌలింగ్ కూడా బాస్కెట్‌బాల్ లాగే ఒక టీమ్ ఆట. పుస్తకంలోంచి తలెత్తి, "నాన్నా, నీ బాల్ పిన్నుల దగ్గరికి వెళ్లేలోపే అలిసిపోతోంది" అంది. మళ్లీ పుస్తకంలో తల పెట్టేసుకుంది.

ఆ ఒక్క మాటలో అంతా ఉంది. దాన్నే కాస్త విడమర్చి రాద్దామని కూర్చున్నాను. ఎందుకంటే "అన్నా, స్ట్రాంగ్ బాల్ కొంటే స్కోరు పెరుగుతుందా?" అని ఇక్కడి మనవాళ్లు ప్రతి సీజన్ మొదట్లో అడుగుతుంటారు. డబ్బు పెట్టి కొనేముందు వాళ్లకి తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

నాది హ్యామర్ కంపెనీ బ్లాక్ విడో 2.0, 15 పౌండ్లు. నల్లగా, మెరుపు లేకుండా, రాతి రోలు లాగా ఉంటుంది. వేళ్లకి కొలతలు తీయించి, రంధ్రాలు వేయించి, చేతికి వచ్చేసరికి 250 డాలర్లు దాటింది. దాన్ని స్ట్రాంగ్ బాల్, అంటే అగ్రెసివ్ బాల్ అనడానికి రెండు కారణాలు. ఒకటి పైతోలు. అది రియాక్టివ్ రెసిన్, అందులోనూ సాలిడ్ రకం. 1990ల మొదట్లో ఈ రెసిన్ వచ్చాకే హుక్ (బాల్ పక్కకి తిరిగే మలుపు) అన్న మాటకి అర్థం మారిపోయింది. కంటికి కనపడని సన్నని రంధ్రాలతో నూనెని పీల్చుకుంటూ, అడుగున ఉన్న లేన్‌ని పట్టుకుంటుంది. రెండోది లోపలి కోర్, అంటే బాల్ నడిమధ్య ఉండే బరువు దిమ్మ. గ్యాస్ మాస్క్ అని దాని పేరు. అన్ని వైపులా ఒకేలా ఉండదు.

ఆ కోర్ ఏం చేస్తుందో మన ఊరివాళ్లకి చెప్పడం తేలిక. బొంగరం తిప్పినవాళ్లందరికీ తెలుసు. బొంగరం వేగం తగ్గుతున్న కొద్దీ తల ఊపుతూ, ఇరుసు పక్కకి జరుపుకుంటూ పోతుంది కదా. బాల్ లోపలి కోర్ వల్ల బాల్ ఇరుసు కూడా అలాగే జరుగుతుంది. దాంతో ప్రతి చుట్టుకీ బాల్ మీద కొత్త చోటు, ఇంకా నూనె అంటని పొడి చోటు, లేన్‌కి తగులుతుంది. పొడి చోటు తగిలితే పట్టు దొరుకుతుంది. ఆ గుణాన్ని డిఫరెన్షియల్ అనే అంకెలో చెప్తారు. ఇక్కడి బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ పెట్టిన హద్దు 0.060. నా బాల్‌ది 0.058. అంటే నిబంధనల్లో ఇంతకంటే బలమైనది తయారు చేయడానికి దాదాపు చోటు లేదు.

ఆట మధ్యలో బాల్ తిరిగి వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి దీపం కిందికి వంచి చూడండి. నల్ల తోలు మీద నూనె చారలు కనిపిస్తాయి. ఒక్కటి కాదు, ఏడెనిమిది. రెండు చోట్ల అన్నీ దగ్గరికి వచ్చి కలుసుకుంటాయి, మధ్యలో విడిపోతాయి. చీర కుచ్చిళ్లని నడుము దగ్గర పట్టుకుంటే కింద విచ్చుకున్నట్టు. అవి ఒక్కో చుట్టుకీ ఒక్కో గీత. ఆ గీతల తడి ఎంత చిక్కగా ఉందో, లేన్ మీద ఇంకా ఎంత నూనె మిగిలిందో అంత చెప్తుంది. నేను ప్రతి బాల్‌కీ తుడిచేముందు చూస్తాను. చూడకుండా తుడిస్తే లేన్ మనకి రాసిన ఉత్తరాన్ని చదవకుండా చింపేసినట్టే.

ఇక నూనె సంగతి. కొత్తగా ఆడేవాళ్లు చాలామంది లేన్ అంటే చెక్క నేల అనుకుంటారు. నేనూ హైదరాబాద్ మాల్‌లో మొదటిసారి ఆడినప్పుడు అలాగే అనుకున్నాను. ఫౌల్ గీత నుంచి హెడ్‌పిన్ దాకా 60 అడుగులు, అడ్డంగా 39 బోర్డులు, అంటే సన్నని పలకలు. కుడిచేతివాళ్లం వాటిని కుడి అంచు నుంచి లెక్కపెడతాం. ఆ 60 అడుగుల్లో ముందరి 40 అడుగుల దాకా యంత్రంతో నూనె పూస్తారు. మిగతా 20 అడుగులు పొడిగా ఉంచేస్తారు. ఒక్కో లేన్‌కి పూసే నూనె మొత్తం పాతిక మిల్లీలీటర్ల అటూ ఇటూ. ఐదు చిన్న చెంచాలు. మా ఇంట్లో పప్పు తాలింపుకి వేసేంత. దాన్ని అంత నేల మీద పలచగా పరిస్తే ఎంత సన్నని పొర అవుతుందో ఆలోచించండి. నా 250 డాలర్ల బాల్ మంచీ చెడూ తేల్చేది ఆ పొరే.

బాల్ నడకలో మూడు అంచెలు ఉంటాయి. మొదట నూనె మీద జారుతుంది. తర్వాత నేల పట్టు దొరికి మలుపు తీసుకుంటుంది. చివరికి జారుడు పూర్తిగా పోయి దొర్లుతుంది. ఆ దొర్లుడు అప్పుడే అందుకుని పిన్నుల్ని తాకాలి. అప్పుడే దెబ్బ లోతుగా దిగుతుంది. హెడ్‌పిన్‌ని తాకి పక్కకి తప్పుకోకుండా 5 నంబరు పిన్ను దాకా దున్నుకుంటూ పోతుంది. అగ్రెసివ్ బాల్ ఈ మూడు అంచెల్నీ ముందుకి లాగుతుంది. తొందరగా పట్టుకుంటుంది, తొందరగా మలుస్తుంది, తొందరగా దొర్లుతుంది. చేతిలోంచి వదిలినప్పుడు దానికి ఇచ్చిన బలం ఒక్కటే. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టుకుంటుందన్నదే ప్రశ్న. నూనె బాగా ఉంటే అది బాల్‌ని ఆపి, ఖర్చుని పిన్నుల దాకా వాయిదా వేస్తుంది. నూనె లేకపోతే దారిలోనే జేబు ఖాళీ.

మా అమ్మాయి 'అలిసిపోతోంది' అన్నది ఇదే. నేనేమో మూడో గేములో బాల్ హుక్ తగ్గింది కాబట్టి నూనె ఎక్కువైందనుకున్నాను, ఇంకా నెమ్మదిగా వేశాను. అసలు జరిగింది దానికి సరిగ్గా ఎదురు. ఎండిపోయిన లేన్ మీద బాల్ 30 అడుగులకే మలుపు తీసేసుకుని, మిగతా దూరమంతా సత్తువ లేకుండా నేరుగా దొర్లింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. హుక్ రానిది నూనె ఎక్కువై కావచ్చు, హుక్ ముందే అయిపోయీ కావచ్చు. తేడా తెలియాలంటే పిన్నుల వైపు కాదు, లేన్ మధ్యలో బాల్‌ని చూడాలి. నూనె ఎక్కువైతే అక్కడ ఇంకా జారుతూనే ఉంటుంది. ముందే అయిపోతే అక్కడికే కుదురుకుని దొర్లుతూ ఉంటుంది. పదేళ్లుగా ఆడుతూ కూడా ఆ రాత్రి నేను పిన్నుల్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంతకీ లేన్ ఎందుకు ఎండిపోయింది? లెక్క వేసి చూడండి. మా లీగ్‌లో టీమ్‌కి నలుగురు, ఒక జత లేన్ల మీద ఎనిమిది మంది. ఒక్కొక్కరు గేముకి పది ఫ్రేములు (వంతులు), ఒక్కో లేన్ మీద ఐదు. అంటే గేముకి ఒక్కో లేన్ మీద 40 మొదటి బాల్స్ పోతాయి. రెండు గేములయ్యేసరికి 80. ఈ మధ్య అందరి దగ్గరా రెసిన్ బాల్సే. ఒక్కొక్కటీ కాస్త కాస్త నూనె తాగి తిరిగి వస్తుంది. కుడిచేతివాళ్లం ఏడుగురం గురి కోసం లేన్ మీద వేసిన రెండో బాణం గుర్తు చుట్టూ ఆడుతున్నాం కాబట్టి ఆ దారి ముందు ఎండుతుంది. ఎడమచేతివాటం ఆయన ఒక్కడు, అతని దారి చివరిదాకా పచ్చగానే ఉంది. మూడు గేములూ ఒకే చోట నిలబడి ఆడాడు.

మామూలు లీగ్ సెంటర్లలో వేసే హౌస్ ప్యాటర్న్ (అక్కడ మామూలుగా నూనె పూసే తీరు) నిజానికి ఆడేవాళ్ల మీద దయ ఉన్నది. మధ్య బోర్డుల మీద నూనె చిక్కగా, రెండు అంచుల దగ్గర పలచగా ఉంటుంది. పొరపాటున కుడివైపు ఎక్కువ వేస్తే పొడి నేల పట్టుకుని బాల్‌ని వెనక్కి తెస్తుంది. ఎడమకి లాగేస్తే మధ్య నూనె దాన్ని ఆపి ఉంచుతుంది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ మధ్యలోనే చల్లి అంచులు వదిలేసినట్టు. అలాంటి లేన్ మీద, ఇంకా ఎవరూ ఆడని మొదటి అరగంటలో, నా నల్ల బాల్‌ని మించింది లేదు. కానీ నిలబడే చోటు మార్చుకోవాలి. నా పాత బాల్‌తో 20వ బోర్డు మీద నిలబడేవాడిని. దీనితో 27కి జరిగి, మూడో బాణం దగ్గర నూనెలోంచి బయటికి పంపిస్తాను. 20 మీదే నిలబడి రెండో బాణం మీదుగా వేస్తే అంచు పొడి తగలగానే ఒక్కసారిగా విరుచుకుపడి ఎడమవైపుకి దాటిపోతుంది.

నూనె ఎంత పొడవుందో తెలిస్తే బాల్ ఎక్కడ మలుపు తిరగాలో లెక్క కట్టడానికి ఒక చిట్కా ఉంది. అడుగుల పొడవులోంచి 31 తీసేయండి. 40 అడుగుల నూనె అయితే 9వ బోర్డు. కచ్చితమైన శాస్త్రమేమీ కాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తుంది. కొత్త సెంటర్‌కి వెళ్లినప్పుడు నేను కౌంటర్‌లో మొదట అడిగే ప్రశ్న, "ఎన్ని అడుగులు?" అనే.

ఈ బాల్ తన అసలు విలువ చూపించింది వేసవిలో, పది వారాల స్పోర్ట్ లీగ్‌లో. అక్కడ హౌస్ ప్యాటర్న్ దయ ఉండదు. అంచు నుంచి అంచు దాకా నూనె దాదాపు సమానంగా పూస్తారు. రెండు బోర్డులు తప్పితే తప్పినట్టే, కాపాడేవాళ్లు లేరు. హౌస్‌లో 188 ఉన్న నా సగటు అక్కడ 166కి దిగింది. ఒక వారం 44 అడుగుల ప్యాటర్న్ వేశారు. నూనె బరువుగా ఉంది. మా టీమ్‌లో జడ్చర్ల తమ్ముడు ఒకడున్నాడు. అతనిది మెరిసే పెర్ల్ బాల్, హౌస్‌లో చూడముచ్చటగా తిరుగుతుంది. ఆ రోజు అది అద్దం మీద గోలీలా జారుకుంటూ పోయింది. హెడ్‌పిన్‌కి కుడిపక్కగా దాటిపోతుంటే పాపం నాలుగు ఫ్రేములు వరసగా ఓపెన్, అంటే రెండో బాల్‌కీ పిన్నులన్నీ పడలేదు.

"అన్నా, ఏం చెయ్యాలె? ఎంత తిప్పినా తిరుగుతలేదు" అన్నాడు.

"తిప్పకు తమ్ముడూ. నెమ్మదిగా వెయ్యి, సూటిగా వెయ్యి. రేపు ఆ పాలిష్ తీయించెయ్" అన్నాను.

ఆటకి ముందురోజే నేను నా బాల్‌ని ప్రో షాప్‌లో ఇచ్చి 1000 గ్రిట్ గరుకు ప్యాడ్‌తో రుద్దించాను. షాప్ పెద్దాయన మనిషి డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. మాట తక్కువ. బాల్‌ని గిర్రున తిరిగే గిన్నెలాంటి యంత్రం మీద పెట్టి, నీళ్లు చిలకరించి, అరచేత్తో ప్యాడ్ అదిమి పట్టాడు. నల్లటి నీళ్లు అతని మణికట్టు మీదుగా కారాయి. నాలుగు వైపులా తిప్పి తిప్పి రుద్దాక, తుడిచి నా చేతికిచ్చి గోటితో గీరి చూడమన్నాడు. ముందు నున్నగా జారిన గోరు ఇప్పుడు సన్నగా గరగరమంది. ఆ గరుకే రేపు నూనెని చీల్చుకుంటూ నేలని వెతుక్కుంటుంది. గ్రిట్ అంకె తగ్గితే గరుకు పెరుగుతుంది, బాల్ ముందే పట్టుకుంటుంది. 4000కి పెంచితే ఇంకా దూరం జారి ఆలస్యంగా పట్టుకుంటుంది. ఇదంతా ఆట మొదలవ్వకముందే చేసుకోవాలి. మొదలయ్యాక రుద్దడం నిబంధనలకి విరుద్ధం.

ఆ 44 అడుగుల రాత్రి నేను 13వ బోర్డు లెక్కతో, పెద్ద మలుపులేమీ లేకుండా, దాదాపు సూటిగా ఆడాను. బాల్ 40 అడుగుల దగ్గర కొద్దిగా తల తిప్పడం కనిపించింది. అంతే, పాకెట్‌లో. 191, 184, 203. అందరూ తిట్టుకున్న ప్యాటర్న్ మీద నాకు ఆ సీజన్‌లో అదే మంచి రాత్రి. గొప్పంతా నాదే అని చెప్పను. ఆ రోజు ఆ నూనెకి ఆ బాల్ సరిపోయింది.

పొట్టి ప్యాటర్న్ మీద కథ తిరగబడింది. 35 అడుగులకే నూనె ఆగిపోతే 25 అడుగుల పొడి నేల మిగులుతుంది. 31 లెక్క ప్రకారం 4వ బోర్డు, అంటే గట్టర్ (లేన్ పక్క కాలువ) అంచున ఆడాలి. అక్కడ ఈ బాల్ ఎంత కుడికి వేసినా వెనక్కి దూకుతుంది. చాలామంది ఆ రోజు యురేథేన్ బాల్స్ తీశారు. 1980ల నాటి తోలు. నెమ్మదిగా, ఒకే తీరుగా వంగుతుంది, ఎక్కడా విరుచుకుపడదు. నా దగ్గర అది లేదు. ఈ ఏడాది కొనాలి.

అన్నిటికంటే కష్టపెట్టింది మాత్రం ఒక పాత చెక్క లేన్ల సెంటర్. ఇంటికి ముప్పావు గంట దూరం. ముందు భాగం మేపుల్ చెక్క, ఆ తర్వాత పైన్. దశాబ్దాలుగా బాల్స్ పడీ పడీ మొదటి పది పదిహేను అడుగులు అరిగి ఉన్నాయి. సింథటిక్ లేన్ మీద అలవాటైన కాలికి, కంటికి అది వేరే ఆట. నూనె పలచన, ముందు భాగంలోనే చెక్క పట్టుకుంటోంది. నా బాల్ బాణం గుర్తులు దాటగానే మలుపు మొదలుపెట్టింది. ఎడమకి జరిగాను. ఇంకా జరిగాను. చివరికి బాల్స్ వెనక్కి వచ్చే బాల్ రిటర్న్ మోకాలికి తగిలేదాకా జరిగాను. వేగం పెంచాను, భుజం నొప్పి తప్ప లాభం లేదు. మొదటి గేము 128. రెండో గేముకి మొండితనం వదిలేసి, స్పేర్ల కోసం, అంటే మిగిలిన పిన్నుల్ని రెండో బాల్‌తో పడగొట్టడానికి, పెట్టుకున్న ప్లాస్టిక్ బాల్ తీశాను. అసలు హుక్ అవ్వదని పేరున్న బాల్. ఆ చెక్క మీద అది ముద్దుగా నాలుగైదు బోర్డులు వంగింది. 187 వచ్చింది. పాలిస్టర్, అంటే ఇలాంటి ప్లాస్టిక్ బాల్స్‌తో ఒక తరం మొత్తం ఇలాంటి లేన్ల మీదే పెద్ద పెద్ద స్కోర్లు చేసిందని అప్పుడు గుర్తొచ్చింది. చెక్కకి, ఆ బాల్‌కి పొత్తు కుదిరి ఉండేది.

బాల్‌ని చూసుకోవడం గురించి రెండు ముక్కలు. నూనె తాగే తోలు కాబట్టి తుడవకపోతే చచ్చిపోతుంది. 2019 ఆగస్టు నుంచి లీగ్ ఆట మధ్యలో ద్రవాలు వాడకూడదు, పొడి టవల్ ఒక్కటే. అందుకే ఆట అయిపోయిన వెంటనే, బూట్లు విప్పకముందే, ఆల్కహాల్ చల్లి తుడుస్తాను. అయినా అరవై డెబ్బై గేములకి లోపల నూనె నిండిపోతుంది. అప్పుడు రంధ్రాలకి టేప్ వేసి, బకెట్‌లో వేడినీళ్లు పోసి ముంచుతాను. మరిగే నీళ్లు కాదు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత. పావుగంటలో నీళ్ల మీద చిన్న చిన్న బొట్లు తేలతాయి, చారు మీద తాలింపు నూనెలాగా. మొదటిసారి అది చూసి మా ఆవిడ "ఇదంతా దాని కడుపులో ఉందా?" అంది. అవును, అంతా లేన్ల నుంచి తెచ్చుకున్నదే. ఇంకోటి, మిషిగన్ చలిలో బాల్‌ని కారు డిక్కీలో వదలకండి. చలికీ వేడికీ మారీ మారీ తోలు పగులుతుంది. పగిలినదాన్ని బాగుచేయడం కష్టం.

కాబట్టి కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఇది. మీరు ఆడే సెంటర్‌లో నూనె ఎక్కువ వేస్తారా, మీ చేతి వేగం ఎక్కువా, బాల్‌కి ఇచ్చే చుట్లు తక్కువా, అయితే కొనండి, సుఖపడతారు. నెమ్మదిగా వేసి బాగా తిప్పేవాళ్లయితే మొదటి బాల్‌గా ఇది వద్దు. మధ్యరకం బాల్ ఒకటి, ప్లాస్టిక్ ఒకటి తీసుకోండి. అగ్రెసివ్ బాల్ మూడోది కావాలి. ఎంత మంచి బాల్ అయినా స్పేర్లకి ప్లాస్టిక్ తప్పదు. 10 నంబరు పిన్ను వైపు నల్ల బాల్ వేసి చూడండి, సగం దారిలోనే ఎడమకి తిరిగి వచ్చేస్తుంది.

నిన్న మళ్లీ మంగళవారం. రెండో గేము నాలుగో ఫ్రేములో బాల్ తిరిగి వచ్చాక దీపం కిందికి వంచి చూశాను. మొదటి గేములో తడి తడిగా ఉన్న గీతలు సన్నబడి, దుమ్ము గీసినట్టు ఉన్నాయి. అప్పటికి ఇంకా స్ట్రైకులు (ఒకే బాల్‌కి పదీ పడటం) పడుతూనే ఉన్నాయి. అయినా దాన్ని తుడిచి సంచిలో పెట్టి, పాత పెర్ల్ బాల్ తీసి, మూడు బోర్డులు కుడికి వచ్చి నిలబడ్డాను. మొదటి బాల్‌కి 4 నంబరు పిన్ను మిగిలింది, స్పేర్ చేశాను. 207, 195, 189.

ఈ ఆదివారం మా అమ్మాయి టీమ్ పోటీ ఆ పాత చెక్క సెంటర్‌లోనే. తన బాల్ కూడా గట్టిదే, నూనె లేన్ల కోసం రుద్దించింది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం గరాజ్‌లో కూర్చుని దానికి పాలిష్ పెట్టాం. తన స్పేర్ బాల్‌కి బొటనవేలి రంధ్రం కాస్త వదులైంది, టేప్ ముక్క వేశాను. రేపు ప్రాక్టీసులో ముందు దానితోనే పది బాల్స్ వేసి చూస్తానంది.